జలగల నుంచి గోరింటాకు దాకా

నలభై దాటాక అద్దం చాడీలు చెప్పడం మొదలుపెడుతుంది. జుట్టుకి రంగు వేద్దామంటే, "వీగన్‌ది కొనమ్మా" అంది మా అమ్మాయి. అంటే అందులో జంతు పదార్థం ఉండకూడదు, జంతువుల మీద పరీక్షించకూడదు.

ఇదేం పట్టింపు అనుకోకండి. ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ చెప్పిన నల్లరంగు ఏమిటో తెలుసా? జలగల్ని వెనిగర్లో వేసి, సీసం పాత్రలో రోజుల తరబడి కుళ్ళబెట్టడం! పూసుకునేటప్పుడు నోట్లో నూనె పట్టి ఉంచకపోతే పళ్ళూ నల్లబడతాయట!

1907లో పారిస్‌లో యూజీన్ ష్యూలర్ అనే రసాయనవేత్త కృత్రిమ రంగు తయారుచేశాడు. జలగలు లేవు గానీ, నేటి శాశ్వత రంగుల్లో ఎక్కువగా కనిపించే పీపీడీ కొందరికి దురదలు, వాపులు తెస్తుంది. వీగన్ అని రాసివున్నా పీపీడీ ఉండొచ్చు. అది జంతువుది కాదు కదా! సౌందర్య సాధనాల్ని జంతువులపై పరీక్షించడాన్ని మన దేశం 2014లో నిషేధించింది. మన చర్మం మీద పరీక్ష మాత్రం మనమే చేసుకోవాలి, 48 గంటల ముందు.

నేను గోరింటాకునే ఎంచుకున్నాను. అదొక్కటే పెడితే తెల్లజుట్టు ఎర్రబడుతుంది. ఆపైన నీలి ఆకు పొడి పట్టిస్తే నల్లబడుతుంది. 'నల్ల గోరింట' పొట్లాలు కొన్నింటిలో పీపీడీ కలుపుతారు, చదివి కొనండి. పూటంతా పడుతుంది లెండి. రోజుల తరబడి జలగల్ని కుళ్ళబెట్టడంతో పోలిస్తే అదెంత?