యూదుల వివాహధర్మము

హెబ్రీ భాషయందు వివాహమునకు కిద్దుషీన్ అని పేరు. పవిత్రమొనర్చుట యని దీని భావము. పేరు ఘనమైనదే. కాని పేరులు ఘనముగా నుండుట యే మతమునందైనను సామాన్యమే గదా! ఆ పేరును నిలుపుటకు యూదపండితులు పడిన పాటు మిక్కిలి విచారింపదగినది.

ఆదికాండమున దేవుడు తన సృష్టిని మంచిదని పలుమాఱు మెచ్చుకొనును. మంచిది కాదని మొట్టమొదట నెంచినది మనుష్యుని యొంటరితనమునే. ఆ కొఱత తీర్చుటకై సృజింపబడిన స్త్రీని 'ఏజెర్ కెనెగ్దో' అనిరి. ఎదురుగా నుండు తోడు అని యర్థము. తోడు ప్రక్కన నుండవలెను గాని, యెదుట నేల? ఫ్రాన్సు దేశమునందలి ట్రాయ్ పట్టణమున నుండిన రాషీ (1040–1105) పూర్వులను బట్టి యిట్లు వివరించెను: పురుషుడు యోగ్యుడైనచో నామె తోడగును, కానిచో ప్రతికక్షి యగును.

ఎదుట నిలుచుటకు కాలిక్రింద నేల యుండవలెను. ఆ నేలయే కెతుబా యను వివాహపత్రము. విడాకులైనను, భర్త గతించినను భార్యకు చెందవలసిన సొమ్ము దానిలో వ్రాయబడును. మిష్నా ప్రకారము కన్యకు 200 జూజులు, వితంతువునకు 100. మన కన్యాశుల్కమువలె తండ్రిచేత బడునది కాదు, ఆమెకే చెందునది. తొలుత నీ సొమ్మును పుట్టినింట ప్రత్యేకించి యుంచెడివారట. కోపము వచ్చినంతనే భర్త, ఆ సొమ్ము తీసికొని పొమ్మనుట సులభమయ్యెను. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున షిమోన్ బెన్ షెటాహ్ దీనిని మార్చి, సొమ్ము భర్తయొద్దనే యుండవచ్చునని చెప్పి, యతని సర్వస్వమును దానికి తాకట్టు చేసెను. నాటినుండి భార్యను వెడలగొట్టవలెనన్న పొలమో యిల్లో అమ్ముకొనవలసి వచ్చెను. కోపము చల్లారుటకు వ్యవధి దొరకెను!

దాంపత్యసుఖమును గూడ నీ పండితులు భార్యకు హక్కుగాను, భర్తకు ఋణముగాను ఎంచిరి. కూలివాడు వారమునకు రెండుమాఱులు, గాడిదలు తోలువాడు ఒకమాఱు, ఒంటెలు తోలువాడు ముప్పది దినములకొకమాఱు, నావికుడు ఆఱు నెలలకొకమాఱు ఆ ఋణము తీర్పవలెనట. వృత్తినిబట్టి యింత సూక్ష్మముగా లెక్కవేయుట మనకు వింతగా తోచవచ్చును. దూరదేశమునకు బోవు భర్తకై యెదురుచూచు స్త్రీకి వింతగా తోచదు.

క్రీ. శ. 1000 ప్రాంతమున జర్మనీలోని మైంట్స్ నగరవాసియగు రబ్బీ గెర్షోము పేర రెండు కట్టుబాట్లు వెలసెను. భార్య యుండగా మఱియొకతెను పెండ్లాడరాదు. ఆమె సమ్మతి లేక విడాకులీయరాదు. మీఱినవారికి బహిష్కారము. జర్మనీ, ఫ్రాన్సు యూదులును వారి సంతతివారును వీనిని శిరసావహించిరి. యెమెనువారికివి వర్తింపలేదు, అచ్చట బహుభార్యాత్వము ఇరువదవ శతాబ్దము వఱకు సాగెను.

ఇంత చేసినను ఒక ముడి విడలేదు. గెత్ అను విడాకుల పత్రమును భర్తయే యిచ్ఛాపూర్వకముగా నీయవలెను. అతడు నిరాకరించినను, జాడ తెలియకున్నను ఆమె అగూనా, అనగా బంధింపబడినది. మఱియొకని పెండ్లాడ వీలులేదు. గెత్ ఈయవలసిన భర్త మొండికెత్తినచో, సమ్మతించితి నని పలుకువఱకు న్యాయస్థానమువారు కొట్టింపవచ్చునని మైమొనిదీసు (మరణము 1204) విధించెను. ధర్మము నాచరింపవలెననియే వాని యంతరాత్మ కోరుచుండును, దుర్బుద్ధి యడ్డుపడును, దెబ్బలు దానిని మాత్రమే తొలగించునని యతని వాదము. ఇశ్రాయేలు దేశమున 1995లో చేసిన చట్టముచే, తీర్పునకు లోబడని భర్తను చెఱసాలలో నుంచుటకును, వాహనము నడుపు లైసెన్సును నిలుపుటకును రబ్బీల న్యాయస్థానములకు అధికారము కలిగెను. చెఱసాలలో నుండియు ఏండ్ల తరబడి గెత్ ఈయనివారు కలరు.