శునకము - మన మనస్సు

కావలికిని, వేటకును పనికివచ్చునని మనుష్యుడు కుక్కను చేరదీసెనని చిన్ననాటినుండి చదువుకొనుచున్నాము. మహాప్రస్థానమున ధర్మరాజు మాత్రము తన వెంటవచ్చిన కుక్క చేసిన సేవను లెక్కచెప్పలేదు, నమ్మివచ్చినదానిని విడువజాలనన్నాడు. పురాణమని దీనిని త్రోసివేయవచ్చునా?

1914లో జర్మనీలోని బాన్ నగరము చేరువ, ఓబర్‌కాసెల్ రాతిగనిలో ఒక పురుషుని అస్థులు, ఒక స్త్రీ అస్థులు, వాటితో ఒక కుక్కపిల్ల ఎముకలు బయల్పడినవి. ఆ సమాధికి సుమారు 14,000 ఏండ్లు. అప్పటికి అచ్చట సేద్యము లేదు, పసులమంద లేదు. పిల్ల దంతములను పరీక్షించి, దానికి డిస్టెంపర్ అను ఘోరవ్యాధి సోకియుండెనని 2018లో పరిశోధకులు ప్రకటించిరి. జ్వరము, వాంతులు, విరేచనములు. కడిగి, నీరు త్రాగించి, వెచ్చగా ఉంచువారు లేనిదే ఆ జబ్బున వారములతరబడి బ్రతుకుట దుర్లభము. ఈ పిల్ల బ్రతికినది. ఏడవ నెలలో చనిపోయినది. వేటకు పనికిరాదు, కావలికి పనికిరాదు. అయినను ఎవరో దాని ప్రక్కన కూర్చుండిరి.

ఎందులకు? 2015లో జపాను శాస్త్రజ్ఞులొక జాడ చూపిరి. కుక్కయు యజమానియు చాలసేపు కన్నులు కలిపి చూచుకొన్నచో ఇద్దరిలోను ఆక్సిటోసిన్ అను ద్రవ్యము పెరుగును. తల్లీబిడ్డల మమతలో పనిచేయునదియు అదియే. (మూత్రపరీక్షచే ఇది తెలిసినదనిన మన కవులు నొచ్చుకొందురేమో!) మనుష్యులు పెంచిన తోడేళ్ళను గూడ పరీక్షించిరి. అవి కన్నెత్తి చూచుటయే అరుదు.