కందెన లెక్క

గుంటూరు, ప్రకాశం ప్రాంతముల నల్లరేగళ్ళలో ప్రత్తిని, మిరపకాయలను మోసిన ఎడ్లబండి ఇరుసుకు ఆముదపు కందెన సరిపోయెడిది. తరువాత ఆ పొలములలోనికి ట్రాక్టరు వచ్చెను. దాని గేరుపెట్టె మూసియుండును. లోని చక్రములు నూనెలో మునిగి తిరుగుచు దానిని పైపళ్ళకు చిమ్మును. నూనె తగ్గినచో పళ్ళు ఒరిసికొని చెడును. హెచ్చినచో దానిని చిలుకుటకే ఇంజను శక్తి ఖర్చగును, పెట్టె కాగును. మరి ఎంత పోయవలెను?

మొదటి ఆధారము ఇరుసు కడనే దొరకెను. 1883లో ఇంగ్లండులో టవర్ అను ఇంజనీరు రైలు ఇరుసు బేరింగును పరీక్షించుచు దాని రంధ్రమునకు బిరడా బిగించెను. నూనె దానిని వెలికి నెట్టివేసెను! తిరుగు ఇరుసే నూనెపొరలో అంత పీడనమును పుట్టించుచున్నదని 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ సమీకరణముతో చూపెను. పళ్ళ నడిమి పలుచని పొర లెక్కలకు నేటికిని అదియే మూలము.

చిమ్ముడు సంగతి వేరు. 1981లో హర్ట్, నికోల్స్ చూపిన పద్ధతిలో పెట్టెలోని చోటును కంప్యూటరులో చిన్న గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో నూనె ఎంత భాగమో లెక్కింతురు. పళ్ళు కలిసికొను చోట గళ్ళు నలిగిపోవుట దీని చిక్కు. నూనెను కణముల గుంపుగా భావించు పద్ధతికి గళ్ళతో పనిలేదు. చిత్రమేమనగా, అది 1977లో నక్షత్రముల కొరకు పుట్టినది. 1994లో మోనహన్ దానిని ద్రవములకు మళ్ళించెను. నూనె ఎటు చిమ్మునో అది సులువుగా చూపును. పలుచని పొరను పట్టుటలో వెనుకబడును. కనుక సాఫ్ట్‌వేరు ఎన్నుకొనువారు రంగుల బొమ్మలను గాక, తమ ప్రశ్న పొరను గూర్చియా, చిమ్ముడును గూర్చియా అని ముందు చూడవలెను. ఏది ఎన్నుకొన్నను, పారదర్శకమైన మూతగల పెట్టెలో నూనెను చిత్రము తీసి, చక్రములను త్రిప్పుటకు పట్టిన బలమును కొలిచి, లెక్కతో పోల్చి చూతురు.