పట్వారీ దఫ్తరం నుంచి వెబ్‌సైటు దాకా

జనం మానుకోట అని పిలుచుకొనే మహబూబాబాద్‌లోనూ, జనగామ, భూపాలపల్లి ప్రాంతాల్లోనూ ఒక రైతు గురించి కాగితం మీదికి ఎక్కిన వివరాలు నిజాం కాలంలో చాలావరకు ఒకే ఇంట్లో, అంటే వతన్‌దారు పట్వారీ ఇంట్లో ఉండేవి. వతన్ అంటే తరతరాలుగా ఒకే కుటుంబానికి దక్కే ఉద్యోగ హక్కు. ఊరి లెక్కలు రాసే పట్వారీ ఏటా నింపే పహాణీలో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, సాగుచేస్తున్నవారి పేరు, వేసిన పంట నమోదయ్యేవి. ఆ దఫ్తరంలో తన పేరు ఉందో లేదో, ఉంటే ఏ గడిలో ఉందో చదువురాని రైతుకు తెలిసే దారి లేదు. చూపించమని అడిగే ధైర్యం చేసినవారూ తక్కువే.

ఆ అజ్ఞానం ఎంత ఖరీదైనదో జనగామ ప్రాంతపు చరిత్రే చెబుతుంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకొని సాగుచేస్తున్న భూమిని విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి తన పేరున రాయించుకొని పంటను ఎత్తుకుపోజూసినప్పుడు, ఆమె సంఘంగా పిలిచే ఆంధ్ర మహాసభ కార్యకర్తల అండతో ఎదురు నిలిచి ధాన్యాన్ని ఇంటికి చేర్చుకొంది. నాగలి ఒకరి చేతిలో, రాత మరొకరి చేతిలో ఉన్న వ్యవస్థ మీద జరిగిన తిరుగుబాటుగా కూడా ఆ పోరును చదవాలి.

1954-55లో హైదరాబాద్ రాష్ట్రంలో భూముల వివరాలను కొత్తగా నమోదుచేసిన ఖాస్రా పహాణీ తయారైంది, 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. దఫ్తరం ఇల్లు మారి కచేరీకి, ఆ తరువాత కంప్యూటరుకు చేరింది. రైతు తన వివరాలను తానే చూసుకోగలగడం నిజమైన మేలు, దాన్ని తక్కువ చేయకూడదు. అయితే అదే తెరను ఊరూ పేరూ తెలియనివారు కూడా చూడగలిగినప్పుడు కొత్త చిక్కు మొదలైంది.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఆస్తి లావాదేవీలు బహిరంగంగా ఉండాలన్న సూత్రం మీద నిలిచింది. కొనేవాడు మోసపోకుండా పాత దస్తావేజుల నకళ్ళు అడిగి తీసుకోవచ్చు. 2001 సవరణతో అమ్మేవారు, కొనేవారు తమ ఫొటోలను, వేలిముద్రలను కూడా జతపరచడం తప్పనిసరైంది. నకలు కోసం సబ్ రిజిస్ట్రార్ కచేరీ మెట్లెక్కాల్సిన కాలంలో ఆ శ్రమే ఒక కాపలాగా పనిచేసింది. దస్తావేజులు ఇంటర్నెట్‌లోకి ఎక్కాక ఆ కాపలా పోయింది. భూపాలపల్లికి పొరుగునే ఉన్న పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్‌కార్డులు అమ్మే ఒక వ్యాపారి ఈ దారినే వాడుకున్నట్టు 2018లో పోలీసులు బయటపెట్టారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని దస్తావేజుల నుంచి వేలిముద్రలను, ఆధార్ నంబర్లను తీసుకొని, రబ్బరు స్టాంపులు తయారుచేసే యంత్రంతో ఆ ముద్రలను అచ్చుపోసి, వేలాది సిమ్‌లను ఇతరుల పేర్లతో పనిచేయించాడని కేసు. మోసపోయినవారు ఏ లింకూ నొక్కలేదు, ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. చట్టం అడిగినచోట వేలు ఒత్తారు, అంతే. కాబట్టి జాగ్రత్త లేని జనానిదే తప్పంతా అనే మాట ఇక్కడ అన్యాయం.

2020 అక్టోబరు 29న మొదలైన తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి విషయంలోనూ ఈ చర్చ వచ్చింది. వ్యవసాయేతర ఆస్తుల నమోదులో ఆధార్, కులం వివరాలు సేకరించడాన్ని ఆ ఏడాది నవంబరులో హైకోర్టు మధ్యంతర ఉత్తర్వులతో ఆపింది. మరోవైపు, పట్టాదారు కోరితే తన భూమి వివరాలు ఇతరులకు కనబడకుండా దాచే వీలు ధరణిలో ఉండటం విమర్శకు గురైంది. పేదవాడి వేలిముద్ర బయట ఉండి, పెద్ద కమతాలు తెరచాటున ఉండగలగడం గోప్యత అనిపించుకోదు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఎందుకు అడుగుతున్నారో చెప్పి, సమ్మతి తీసుకున్నాకే వివరాలు వాడాలన్నది దాని మూలసూత్రం. కానీ సబ్సిడీలు, ధ్రువపత్రాల వంటి సేవల విషయంలో ప్రభుత్వానికి చాలా వెసులుబాటు మిగిలింది. పల్లెల్లో ఎక్కువ వివరాలు అడిగేది ప్రభుత్వమే గనుక ఈ లోటు చిన్నది కాదు. చట్టం ఆ లోటు పూడ్చేదాకా పాఠకులు తమ చేతిలో ఉన్న రెండు పనులు చేసుకోవాలి. ఆధార్ బయోమెట్రిక్‌ను ఆధార్ అధికారిక యాప్‌లో లాక్ చేసుకోవాలి. జిరాక్సు అడిగినచోట చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వాలి. ఇంట్లో ఫోను వాడటం రాని పెద్దలుంటే వారికీ ఆ పనులు చేసిపెట్టాలి.