యార్డుకు రాని సరుకు, తప్పని ఫీజు: స్టేపుల్ చట్టాల వెలుగులో ఉప్పల్-నాచారం ప్రాంతం

ఉప్పల్ కూడలి నుంచి తూర్పుకు పోయే దారి ఘట్‌కేసర్, భువనగిరి, జనగామ మీదుగా వరంగల్ చేరుతుంది. అదే కూడలి నుంచి దక్షిణానికి తిరిగి నాగోలు దగ్గర మూసీ దాటితే కొత్తపేట వస్తుంది. 2021 దాకా గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు అక్కడే ఉండేది. ఉప్పల్‌కు ఉత్తరాన నాచారం పారిశ్రామికవాడ. ధాన్యం, పప్పులు, మిర్చి, కూరగాయలు పండే జిల్లాల నుంచి నగరానికి వచ్చే సరుకులో కొంత ఈ దారులు పట్టక తప్పదు. అందుకే వ్యాపార చట్టంలోని ఒక పాత ప్రశ్నను ఇక్కడ నిలబడి అడగడం తేలిక. సరుకు ఎక్కడ అమ్మాలో నిర్ణయించే హక్కు ప్రభుత్వానికి ఉంటే, ఆ హక్కుకు బదులుగా అది ఏమి చెల్లించాలి?

చోటును నిర్ణయించే చట్టం ఏదైనా ఒక ఇచ్చిపుచ్చుకోలు అని ఈ వ్యాసం వాదన. వ్యాపారి చోటుకు కట్టుబడి సుంకం కడతాడు. పాలకుడు సరైన తూకం, త్వరగా న్యాయం, సరుకుకు రక్షణ ఇస్తాడు. ఇందులో మొదటి సగం ఎప్పుడూ అమలవుతుంది. రెండో సగం చట్టంలో రాసి ఉంటుంది.

ఉన్ని మూట, రాజముద్ర

ఇంగ్లండులో ఈ ఆలోచన, ఎగుమతి సరుకు నిర్ణీత పట్టణాల గుండానే పోవాలన్న స్టేపుల్ చట్టం కంటే పాతది. పదో శతాబ్దం తొలినాళ్ళలో రాజైన పెద్ద ఎడ్వర్డు, నిర్ణీత పట్టణం బయట ఎవరూ కొనుగోళ్ళు చేయరాదని, పట్టణాధికారి సాక్ష్యంగానే కొనాలని శాసించాడు. దొంగసొత్తు చేతులు మారకుండా చూడటం అప్పటి ఉద్దేశం. 1275 నాటికి లెక్క మారింది. ఉన్ని ఎగుమతి మీద సాక్ ఒక్కింటికి అరమార్కు, అంటే 6 షిల్లింగుల 8 పెన్నీల సుంకం స్థిరపడింది. సాక్ అంటే 364 పౌండ్ల తూకం. ఫ్లాండర్స్ నేతగాళ్ళకు ఇంగ్లీషు ఉన్ని లేనిదే మగ్గం ఆడదు కాబట్టి, రాజుకు ఇంతకంటే నమ్మకమైన రాబడి లేదు. ఆ ఉన్ని నాలుగు దారుల్లో చెదిరిపోతే సుంకం చేతికందదు. 1313లో ఎగుమతి ఉన్ని అంతా సముద్రానికి అవతల ఒకే పట్టణానికి చేరాలన్న ఉత్తర్వు ఈ ఇబ్బంది నుంచి పుట్టిందే.

మూడో ఎడ్వర్డు 1353లో చేసిన స్టేపుల్ శాసనం ఆ కేంద్రాన్ని స్వదేశానికి తెచ్చింది. న్యూకాజిల్, యార్క్, లింకన్, నార్విచ్, వెస్ట్‌మినిస్టర్, కాంటర్‌బరీ, చిచెస్టర్, వించెస్టర్, ఎక్సెటర్, బ్రిస్టల్ అనే పది పట్టణాలను ఇంగ్లండులో నియమించింది. వేల్స్‌లో కార్మార్తెన్‌కూ ఐర్లండులో డబ్లిన్ తదితర నాలుగు పట్టణాలకూ అదే హోదా ఇచ్చింది. ఉన్ని, గొర్రెతోళ్ళు, చర్మాలు, సీసం వీటి ద్వారానే బయటికి పోవాలి. లోపలి పట్టణానికి ఒక రేవును జత చేశారు: యార్క్ సరుకు హల్‌కు, లింకన్ సరుకు బోస్టన్‌కు, వించెస్టర్ సరుకు సౌతాంప్టన్‌కు. పట్టణంలో తూచి ముద్ర వేసిన మూటను రేవులో మళ్ళీ తూచేవారు. రెండు తూకాల మధ్య తేడా వస్తే దారిలో ఏదో జరిగినట్టే.

ఈ శాసనంలో వ్యాపారి వైపు సగం కూడా గట్టిదే. ప్రతి స్టేపుల్ పట్టణానికీ ఒక మేయరు, ఇద్దరు కానిస్టేబుళ్ళు. తగవులు దేశపు సాధారణ చట్టం కింద కాక వర్తకుల ఆచారచట్టం కింద తేల్చాలి. విదేశీ వర్తకుడు కక్షిదారైతే జ్యూరీలో విదేశీయులూ కూర్చోవాలి. ఎగుమతి హక్కును ఇంగ్లీషు వర్తకుల నుంచి తీసి విదేశీయులకే ఇచ్చారు. ఉల్లంఘిస్తే ప్రాణదండన అని రాశారు. గొర్రెలు పెంచేవాడి గడపకు కొనేవాడే వస్తే ధర పెరుగుతుందన్నది లెక్క. అంతకు ముందు రాజుకు అప్పులిచ్చిన పెద్ద వర్తకులు జట్టుకట్టి ధర తొక్కిపట్టిన అనుభవం దాని వెనక ఉంది.

పదేళ్ళు తిరగకుండానే, 1363లో స్టేపుల్ సముద్రం అవతలి కలేకు మారింది. 26 మంది ఇంగ్లీషు వర్తకుల చేతికి అక్కడి పెత్తనం పోయింది. పెంపకందారుడి కోసం చేసిన ఏర్పాటు పక్కకు తప్పుకుంది, సుంకం వసూలు మాత్రం మరింత బిగిసింది. 1558లో కలే ఫ్రెంచివారి వశమయ్యేదాకా ఆ కోటను కాపాడిన సైన్యం ఖర్చులో చాలా భాగం ఈ ఉన్ని నుంచే వచ్చింది. స్టేపుల్ చరిత్రను స్వేచ్ఛా వ్యాపారానికీ గుత్తాధిపత్యానికీ మధ్య పోరుగా చెప్పే అలవాటుంది. నాకు అది అరువు లెక్కల చరిత్రగానే కనిపిస్తుంది. రాజు ఎవరికి బాకీ ఉంటే, స్టేపుల్ వారికి నచ్చిన ఊరికి నడిచింది.

మోటుపల్లి లెక్క

ఇదే బేరం స్టేపుల్ శాసనానికి వందేళ్ళ ముందే తెలుగు తీరంలో రాతికెక్కింది. కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే 1244-45లో, మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. నేటి బాపట్ల జిల్లాలోని ఊరది. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వంటి సొత్తును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని శాసనం దాపరికం లేకుండా ఒప్పుకుంటుంది. ఆ హక్కును తాను వదులుకుంటున్నానని, నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోనని రాజు హామీ ఇస్తాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పైలో ఒక వంతు. చందనం, కర్పూరం, ముత్యాల వంటి వాటికి విడి రేట్లు. సముద్రం మీద ప్రాణాలొడ్డే వర్తకుడి పట్ల దయ అందులో ఉంది. సరుకును మన రేవుకు పిలుచుకునే ప్రకటన స్వరమూ ఉంది. ఓడకొట్టుడు సొత్తు గురించి ఇంగ్లండు 1275లో చేసిన వెస్ట్‌మినిస్టర్ చట్టం, మనిషో కుక్కో పిల్లో ఓడ నుంచి ప్రాణాలతో బయటపడితే సొత్తును ఏడాది పైన ఒకరోజు యజమాని కోసం భద్రపరచమంది. పిల్లి బతికితేనే సరుకు దక్కే ఆ నియమం పక్కన గణపతిదేవుడి హామీ ఎంతో సూటిగా ఉంది.

రాజ్యాలు మారినా బేరం నిలిచింది. 1358లో అనపోతారెడ్డి పాలనలో మోటుపల్లి వర్తకులకు మళ్ళీ హామీ శాసనం పడింది. వదిలేసిన హక్కును పాలకులు వదిలేసినట్టే ఉంచారంటే, సరుకు వేరే రేవుకు పోగలదన్న భయం వారికి ఉండి ఉండాలి. కలేకు కట్టేసిన ఉన్నికి ఆ వీలు లేదు. పాలకుడి మాట నిలబడటానికి శాసనంలోని అక్షరాల కంటే ఈ పోటీయే ఎక్కువ పనిచేసిందని నా అంచనా. సముద్రం లేని హైదరాబాదు రాజ్యం విషయంలో ఈస్టిండియా కంపెనీతో కుదిరిన 1802 ఏప్రిల్ ఒప్పందం ఇంకో దారి తొక్కింది: నిజాంకు మచిలీపట్నం రేవు వాడకం, దారి సుంకాల రద్దు, కంపెనీ ప్రాంతాల సరుకు మీద నూటికి 5 చొప్పున ఒక్కసారే పన్ను.

కారంజా నుంచి గడ్డిఅన్నారం దాకా

నేటి మార్కెట్ చట్టాల మూలం కూడా ఒకరకంగా హైదరాబాదే. నిజాం నుంచి బ్రిటిషువారి అధీనంలోకి పోయిన బేరారును హైదరాబాదు రెసిడెంటు పాలించేవాడు. ఆ రెసిడెన్సీ ఉత్తర్వుల కిందే 1886లో కారంజా పత్తి మార్కెట్టు నియంత్రణలోకి వచ్చింది. 1897లో బేరారు పత్తి, ధాన్యం మార్కెట్ల చట్టం, 1928లో రాయల్ వ్యవసాయ కమిషన్ సిఫార్సు, ఆపైన నిజాం రాజ్యంలో 1339 ఫసలీ, అంటే 1930 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం. కోస్తాకు 1933 మద్రాసు చట్టం ఉండేది. ఈ రెంటి స్థానంలో 1966లో ఆంధ్రప్రదేశ్ ఒకే చట్టం తెచ్చుకుంది. తెలంగాణ ఏర్పడ్డాక అదే కొనసాగుతోంది.

ఈ చట్టంలో స్టేపుల్ అంగాలన్నీ ఉన్నాయి. ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని, కొన్ని సరుకులను నోటిఫై చేస్తుంది. అక్కడ కొనాలంటే ఖరీదుదారుకు లైసెన్సు కావాలి. కమీషన్ ఏజెంటైన ఆడ్తిదారుకూ, కాంటా వేసే దడ్వాయికీ కావాలి. బహిరంగ వేలం జరగాలి, రైతు చేతికి తక్‌పట్టి అనే లెక్కల చీటీ రావాలి. ఫీజు కొనేవాడు కట్టాలి. సాధారణంగా నూటికి ఒక రూపాయి. లెక్కలకెక్కకుండా కొనడాన్ని మార్కెట్లలో జీరో దందా అంటారు. దారిలోనే బండి ఆపి సరుకు కొనేయడాన్ని మధ్యయుగ ఇంగ్లండు నేరంగా చూసింది. అక్కడ ఆ నేరం చట్టపుస్తకాల నుంచి పూర్తిగా పోయింది 1844లో.

చట్టం పట్టు యార్డు గోడ దగ్గర ఆగదు, నోటిఫై చేసిన ప్రాంతమంతా పరుచుకుంటుంది. నోటిఫైడ్ ప్రాంతంలో ఉన్న నాచారంలో ఒకరు పప్పు మిల్లు పెట్టి సొంత ఆవరణలోనే కందులు కొన్నా, ఆ సరుకు మార్కెట్ షెడ్డు మొహం చూడకపోయినా, ఫీజు తప్పదు. అందని సేవకు డబ్బెందుకు అని వ్యాపారులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1979లో పంజాబు మార్కెట్ల మీద వచ్చిన కేవల్ కృష్ణ పురీ తీర్పు, ఫీజుకు తగ్గ సేవ కట్టినవారికే అందాలని గట్టిగా చెప్పింది. 1983లో శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసు మన 1966 చట్టం మీదే నడిచింది. వందకు అర్ధరూపాయి ఉన్న ఫీజును రూపాయి చేయడం అందులో వివాదం. ఫీజుకూ సేవకూ మధ్య స్థూలమైన సంబంధం చాలు, లెక్క పైసాకు పైసా సరిపోనక్కరలేదని కోర్టు పెంపును సమర్థించింది. చట్టపరంగా ఈ తీర్పు సబబే కావచ్చు. పాత బేరంలో రెండో సగాన్ని కొలిచే కాంటా మాత్రం దీంతో చేజారింది.

గడ్డిఅన్నారం ఉదంతాన్ని ఈ వెలుగులో చూడాలి. 1986లో మొదలైన ఆ మార్కెట్టు సుమారు 22 ఎకరాల్లో, పెరిగిన నగరం నడుమ చిక్కుకుపోయింది. కొత్త మార్కెట్టుకు కోహెడలో 178 ఎకరాలు కేటాయించారు. 2020 వేసవిలో మామిడి వ్యాపారాన్ని అక్కడికి తరలిస్తే మే నెలలో గాలివానకు తాత్కాలిక షెడ్లు కూలాయి. 2021 సెప్టెంబరులో పాత మార్కెట్టు మూసి వ్యాపారాన్ని ఔటర్ రింగు రోడ్డు దగ్గరి బాటసింగారానికి పంపారు. వసతులు లేవంటూ కమీషన్ ఏజెంట్లు హైకోర్టుకెక్కారు. 2022 ఏప్రిల్‌లో పాత స్థలంలో ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. మార్కెట్టును ఊరి బయటికి పంపాలన్న నిర్ణయంలో నాకు తప్పు కనిపించదు. షెడ్డు నిలబడక ముందే సరుకును పంపడం మాత్రం అర్థం కాదు.

ఆ కాలంలోనే కేంద్రం తెచ్చిన 2020 వ్యాపార చట్టం ఫీజు గీతను తిరగేసింది. యార్డు గోడల లోపల రాష్ట్ర ఫీజు ఉంటుంది, బయటంతా ఫీజు లేని వ్యాపార ప్రాంతం అవుతుంది. అది నిలిచి ఉంటే నాచారం మిల్లుకు ఫీజు పోయేది, వేలానికి సరుకు తెచ్చే యార్డుకు మిగిలేది. పద్ధతి పాటించినవాడికే భారం. 2021 జనవరి 12న సుప్రీంకోర్టు ఆ చట్టం అమలును నిలిపింది, నవంబరు 29న పార్లమెంటు రద్దు బిల్లును ఆమోదించింది. ఆ ఏడాది చివరికి గీత మళ్ళీ పాత చోటికి, నోటిఫైడ్ ప్రాంతపు పొలిమేరకు చేరింది. బాటసింగారంలో వసతుల తగవు మాత్రం మరుసటి ఏడాదిలోకీ సాగింది.