పనిముట్లకి తాళం ఎందుకు?

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళ గరాజులు చూస్తే రెండు రకాలు కనిపిస్తాయి. మొదటి రకంలో రెండు కార్లు పట్టాల్సిన చోట ఒక్క కారే ఉంటుంది, మిగతా సగం అట్టపెట్టెలు, సోనా మసూరి బస్తాలు. రెండో రకంలో (వీళ్ళు తక్కువే లెండి) గోడ నిండా చిల్లుల బోర్డు, దానికి కొక్కేలు, కొక్కేలకి సుత్తులు, రెంచీలు, స్క్రూడ్రైవర్లు వరసగా వేలాడుతుంటాయి. ఇంకా శ్రద్ధ ఉన్నవాళ్ళయితే ఒక్కో పనిముట్టు వెనక దాని ఆకారంలోనే ఒక గీత కూడా గీసి ఉంచుతారు.

"ఆ, సర్దుకోవడంలో ఏముంది, చరిత్ర చెప్పుకోడానికి?" అనకండి. పనిముట్లు ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్న వెనకాలే, అవి ఎవరి చేతికి అందాలి అన్న ప్రశ్న కూడా ఉంది. మన ఆఫీసుల్లో ఇప్పటికీ తెగని గొడవ అదే.

మొదట్లో పనిముట్లు పెట్టెలో ఉండేవి. మన వడ్రంగి ఉలి, బాడిస, రంపం సంచిలో వేసుకుని భుజాన తగిలించుకున్నట్టే, అక్కడి వడ్రంగికి ఒక చెక్కపెట్టె. పనిముట్లు అతని సొంతం, పెట్టె తాళం కూడా అతనిదే. ఈ పద్ధతికి పరాకాష్ఠ చూడాలంటే హెన్రీ స్టడ్లీ (1838-1925) పెట్టె ఫోటోలు వెతికి చూడండి. మసాచుసెట్స్‌లో పియానోలు, ఆర్గాన్లు తయారుచేసిన పనివాడాయన. మూస్తే సుమారు 40 అంగుళాల ఎత్తు, 20 అంగుళాల వెడల్పు ఉండే గోడపెట్టెలో దాదాపు 300 పనిముట్లు పట్టించాడు! ఒక వరసని తలుపులా తిప్పితే వెనకాల ఇంకో వరస. ప్రతిదానికీ సరిగ్గా అదే పట్టే గూడు, అది తప్ప వేరేది పట్టదు. మహాద్భుతం. కానీ దాని గుట్టు తెలిసింది ఒక్కడికే. మన భాషలో చెప్పాలంటే, ఒక్క డెవలపర్‌కి మాత్రమే అర్థమయ్యే బ్రహ్మాండమైన కోడు.

ఫ్యాక్టరీలు వచ్చాక ఖరీదైన పనిముట్లు యజమానివి అయ్యాయి. ఇక చూస్కోండి, కటకటాల గది, కిటికీ, కిటికీ వెనక గుమాస్తా. పనివాడికి తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు కొన్ని ఇస్తారు. ఒక బిళ్ళ ఇస్తే ఒక పనిముట్టు. పనిముట్టు ఉండాల్సిన చోట ఆ బిళ్ళ వేలాడుతుంది, కాబట్టి అది ఎవరి దగ్గరుందో చూడగానే తెలుస్తుంది. విజువల్ సోర్స్‌సేఫ్‌తో పనిచేసిన సీనియర్లకి ఇది కొత్తేం కాదు. ఒకడు ఫైలు చెక్ అవుట్ చేసి సంక్రాంతికి ఊరెళ్ళిపోతే, మిగతా టీమంతా వాడి కోసం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోడమే.

ఈ కటకటాల గది ఎలా వికటిస్తుందో డేవిడ్ ప్యాకార్డ్ తన 'ది హెచ్.పి. వే' (1995) పుస్తకంలో చెప్పాడు. 1930ల్లో ఆయన స్కెనెక్టడీలో జనరల్ ఎలక్ట్రిక్‌లో ఉద్యోగి. ఎవరూ దొంగిలించకుండా పనిముట్లకీ, విడిభాగాలకీ గట్టి కాపలా పెట్టారట. ఫలితం? మమ్మల్నే అనుమానిస్తారా అని, చాలామంది పనిగట్టుకుని దొరికింది దొరికినట్టు ఇంటికి పట్టుకుపోయారు. చివరికి కంపెనీ సామాన్లు ఊరంతా తేలాయి, ప్యాకార్డ్ స్నేహితులతో కలిసి ఉంటున్న ఇంటి అటకతో సహా.

తర్వాత కథ మీకు తెలిసిందే. 1939లో పాలో ఆల్టోలో, అడిసన్ అవెన్యూలోని 367 నంబరు ఇంటి వెనక ఒక్క కారు పట్టే గరాజులో హ్యూలెట్, ప్యాకార్డ్ కంపెనీ పెట్టారు. పెట్టుబడి 538 డాలర్లు, అందులో ఒక పాత డ్రిల్ ప్రెస్ కూడా కలిపి. పరికరాల ప్యానెళ్ళకి వేసిన రంగు ఆరబెట్టడానికి వంటింటి ఓవెనే దిక్కు. ఇద్దరు మనుషులు, ఒక గరాజు. తాళం ఎవరికి వేస్తారు?

అసలు పరీక్ష కంపెనీ పెరిగాక వచ్చింది. ఒక వారాంతం బిల్ హ్యూలెట్ ఏదో పనికి మైక్రోస్కోప్ కావాలని స్టోర్ గదికి వెళ్తే తాళం వేసి ఉంది. ఆయన గడియ పగలగొట్టి, ఇకమీదట ఈ గదికి తాళం వెయ్యొద్దని చీటీ రాసి పెట్టి వెళ్ళిపోయాడు. హెచ్.పి.లో స్టోర్లు తెరిచి ఉంచడం ఒక విధానంగానే కొనసాగింది. ఇంజనీర్లు సొంత ప్రయోగాలకి విడిభాగాలు తీసుకెళ్ళినా అడ్డు చెప్పలేదు. దానివల్ల వాళ్ళు నేర్చుకునేది కంపెనీకే పనికొస్తుందని లెక్క. 1976లో ఆపిల్-1 తయారుచేసే నాటికి స్టీవ్ వోజ్నియాక్ అక్కడి ఉద్యోగే అన్నది ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

ఇక గోడ సంగతి. మిసిసిపీ రాష్ట్రం లారెల్ ఊళ్ళో విలియం మేసన్ అనే ఆయన 1924లో, కోత మిల్లుల్లో వృధాగా పోయే చెక్కముక్కల్ని ఆవిరి పీడనంతో పేల్చి పీచు చేసి, దాన్ని వేడి ప్రెస్సులో నొక్కి గట్టి అట్ట తీశాడు. అదే మేసొనైట్. ఇలాంటి అట్టకి అంగుళానికో చిల్లు పెడితే పెగ్‌బోర్డ్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత శివారు ఇళ్ళు, ఇంటికో గరాజు, ఆదివారం రిపేర్లు అన్నీ కలిసొచ్చాయి. 1954 ఆగస్టులో టైమ్ పత్రిక "డూ ఇట్ యువర్‌సెల్ఫ్" మీద ముఖచిత్ర కథనమే వేసింది. పెట్టెలోంచి పనిముట్లు గోడ మీదకి ఎక్కాయి.

గోడ వంటింట్లోకీ వచ్చింది. వంటల రచయిత్రి జూలియా చైల్డ్ కోసం ఆమె భర్త పాల్ 1961లో కేంబ్రిడ్జ్‌లోని ఇంట్లో చిల్లుల బోర్డు బిగించి, ప్రతి గిన్నె చుట్టూ గీత గీశాడు. ఆ వంటిల్లు ఇప్పుడు వాషింగ్టన్‌లో, స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

నా దృష్టిలో అసలు కిటుకు ఆ గీతలోనే ఉంది. వస్తువు ఉన్నప్పుడు గీతతో పనిలేదు. లేనప్పుడే "ఇక్కడ ఒకటి తక్కువైంది" అని అరుస్తుంది. విమానాల మరమ్మత్తు షెడ్లలో ఈ పద్ధతి అందుకే పాటిస్తారు. ఇంజన్లో మరిచిపోయిన స్పానర్ ప్రాణాలు తీస్తుంది, పని అయ్యాక బోర్డు మీద ఖాళీ గీత కనిపిస్తే విమానం కదలదు. జపాన్ వాళ్ళ 5ఎస్‌లో రెండోదైన "సెయితోన్" చెప్పేది కూడా ఇదే, ప్రతిదానికీ ఒక చోటు, అదీ అందరికీ కనిపించేలా.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఏ ఐటీ ఆఫీసు ఫ్లోరైనా చూడండి. ఒక మామూలు డిస్‌ప్లే కేబుల్ కావాలంటే టికెట్, దానికి మేనేజర్ అప్రూవల్, మూడ్రోజులు. అందుకని ఒకసారి కేబుల్ దొరికినవాడు తిరిగివ్వడు, డ్రాయర్లో దాచుకుంటాడు. ప్రతి డ్రాయర్లో రెండేసి కేబుళ్ళు, స్టోర్లో మాత్రం "నో స్టాక్". స్కెనెక్టడీ అటకకీ మన డ్రాయర్‌కీ పెద్ద తేడా లేదు. ప్రొడక్షన్ లాగ్స్ చూడ్డానికి పర్మిషన్, టెస్ట్ డేటాకి పర్మిషన్... అక్కడా ఇదే వరస. అడిగితే రాదని తెలిసినవాడు సొంత కాపీ ఒకటి పక్కన పెట్టుకుంటాడు. సెక్యూరిటీ పేరుతో వేసిన తాళమే చివరికి అసలు ప్రమాదం తెచ్చిపెడుతుంది.

అలాగని అన్నీ బార్లా తెరిచేయమని కాదు. కస్టమర్ల డేటాకి తాళం ఉండాల్సిందే. గీతల్లేని గోడ కూడా నాలుగు నెలల్లో చెత్తకుప్ప అవుతుంది. తాళం తీసిన చోట గీత ఉండాలి. ఏది ఎక్కడ ఉండాలో, ఇప్పుడు ఎవరి దగ్గరుందో అందరికీ కనిపించాలి. గిట్ చేసింది అదే కదా! కోడు మొత్తం అందరి చేతికీ ఇచ్చింది, ఏ లైను ఎవరు మార్చారో కూడా పక్కనే రాసి పెట్టింది.

దసరాకి ఆఫీసులో సర్వర్లకీ, కీబోర్డులకీ కుంకుమ బొట్లు పెట్టి ఆయుధపూజ చేస్తాం. పనిముట్టుకి దణ్ణం పెట్టడం మనకి బాగానే వచ్చు. ఆ పనిముట్టు పట్టుకునే చేతిని నమ్మడం దగ్గరే ఆగిపోతున్నాం. మీ ఆఫీసులో స్టోర్‌కి తాళం ఉందా? ఉంటే, దానివల్ల ఆగిన దొంగతనాలెన్ని, ఆగిన పనులెన్ని? ఒకసారి లెక్కేసి చూడండి.