కనెక్టింగ్ రాడ్: ఇంజిన్ సత్తాకు హద్దు గీసే ఉక్కు కడ్డీ

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పరిసర కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఇళ్లతో పాటు వీధుల్లోని కార్లూ బైకులూ మునిగాయి. ఇలాంటి వరదల తర్వాత మెకానిక్‌లు చెప్పే మొదటి మాట ఒక్కటే: నీళ్లు తగ్గాయి కదా అని బండి స్టార్ట్ చేయొద్దు. సిలిండర్‌లో నీరు మిగిలి ఉంటే పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగిపోయే ప్రమాదం ఉంది. రెండు లక్షల కిలోమీటర్లు నడిచినా చెక్కుచెదరని ఈ ఉక్కు కడ్డీ రెండు టేబుల్ స్పూన్ల నీటికి ఎందుకు లొంగిపోతుంది? అది ఏ బలాల కోసం తయారైందో తెలిస్తే జవాబు దొరుకుతుంది. ఇంజిన్ ఎంత వేగంగా తిరగగలదు, ఎంత శక్తిని తట్టుకోగలదు అన్నది కూడా చాలావరకు అక్కడే తేలుతుంది.

రెండు చివరలు, రెండు కదలికలు

పిస్టన్ పైకీ కిందికీ కదులుతుంది. క్రాంక్‌షాఫ్ట్ గుండ్రంగా తిరుగుతుంది. ఈ రెండు కదలికలను కలిపేది కనెక్టింగ్ రాడ్. దాని చిన్న చివర పిన్ ద్వారా పిస్టన్‌కు, పెద్ద చివర బేరింగ్ ద్వారా క్రాంక్‌షాఫ్ట్‌కు తగులుకుని ఉంటాయి. కారు ఇంజిన్లలో పెద్ద చివర రెండు ముక్కలుగా ఉంటుంది. కింది ముక్కను క్యాప్ అంటారు. దాన్ని బోల్టులతో బిగిస్తారు.

ఈ కడ్డీ స్వయంగా శక్తిని పుట్టించదు. ఇంధనం మండినప్పుడు పుట్టిన బలాన్ని చేరవేయడమే దాని పని. కానీ ఆ బలం కిందా, తన సొంత బరువు కిందా అది నిలవగలిగినంత వరకే ఇంజిన్‌ను నడపగలం.

తోపు కన్నా లాగుడే ప్రమాదం

మండిన వాయువు పిస్టన్‌ను కిందికి నెట్టేటప్పుడు రాడ్ మీద పడేది తోపు. పెట్రోల్ ఇంజిన్ సిలిండర్‌లో పీడనం 80 బార్లకు చేరితే, 87 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పిస్టన్ మీద దాదాపు 4.8 టన్నుల భారం పడుతుంది. మంచి ఉక్కు కడ్డీకి ఇది తట్టుకోదగ్గ భారమే.

అసలు పరీక్ష ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర ఎదురవుతుంది. పైకి దూసుకెళుతున్న పిస్టన్‌ను రాడ్ పట్టి ఆపి, వెనక్కి లాగాలి. అప్పుడు పైనుంచి ఎదురొత్తే వాయు పీడనం దాదాపు ఉండదు. ఆ లాగుడు మొత్తం రాడ్ మీద, క్యాప్ బోల్టుల మీద పడుతుంది. ఈ బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. అంటే ఇంజిన్ వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలు అవుతుంది.

1999లో వచ్చిన హోండా ఎస్2000 కారు దీనికి మంచి ఉదాహరణ. దాని 2 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంది. ఆ వేగం దగ్గర పిస్టన్ పై అంచున గురుత్వాకర్షణకు 4,800 రెట్ల త్వరణానికి లోనవుతుంది. పిస్టన్, పిన్, రింగులు కలిపి 400 గ్రాములు అనుకుంటే, ఆ క్షణంలో రాడ్‌ను లాగే బలం దాదాపు 1.9 టన్నులు. నిమిషానికి వేల సార్లు ఒకసారి తోపు, మరోసారి లాగుడు పడటంతో లోహం అలసిపోతుంది. ఎక్కడో ఒక సన్నటి గీతలో మొదలైన పగులు చివరికి రాడ్‌ను విరిచేస్తుంది. విరిగిన ముక్క ఇంజిన్ బ్లాక్‌ను చీల్చుకుని బయటికి వచ్చిన సందర్భాలు మెకానిక్ షెడ్లలో కొత్తేమీ కాదు.

పొడవు ఎంత ముఖ్యం?

రాడ్ పొడవును స్ట్రోక్‌తో భాగిస్తే వచ్చేదే రాడ్ నిష్పత్తి. సాధారణంగా ఇది 1.5 నుంచి 2 మధ్య ఉంటుంది. పొడవైన రాడ్ తక్కువ వాలుతుంది కాబట్టి పిస్టన్ సిలిండర్ గోడను తక్కువగా ఒరుసుకుంటుంది. అందుకే పొడవైన రాడ్ వేస్తే పవర్ పెరుగుతుందని ట్యూనింగ్ అభిమానులు గట్టిగా వాదిస్తారు.

ఈ వాదనలో నిజమెంతో ఎస్2000 లెక్కలే చెబుతాయి. మొదటి ఇంజిన్‌లో స్ట్రోక్ 84, రాడ్ 153 మిల్లీమీటర్లు. నిష్పత్తి 1.82. తర్వాత వచ్చిన 2.2 లీటర్ల ఇంజిన్‌లో స్ట్రోక్‌ను 90.7కు పెంచారు. స్ట్రోక్‌లో సగాన్నీ రాడ్ పొడవునూ కలిపితే రెండు ఇంజిన్లలోనూ 195 మిల్లీమీటర్లే వస్తుంది. స్ట్రోక్ పెరిగిన మేరకు రాడ్‌ను 149.65కు కుదించారన్న మాట. నిష్పత్తి 1.65కు తగ్గింది. గరిష్ఠ వేగాన్నీ తగ్గించారు. దానికి బదులుగా తక్కువ వేగంలో లాగే టార్క్ పెరిగింది.

రెండో ఇంజిన్‌ను కూడా 9,000 దగ్గరే తిప్పితే పిస్టన్ త్వరణం సుమారు 10 శాతం పెరుగుతుంది. అందులో 8 శాతం స్ట్రోక్ వల్ల వచ్చేది. నిష్పత్తి మారినందువల్ల పెరిగేది 2 శాతమే. రాడ్ పొడవు అరుగుదలను, వణుకును కొంత మారుస్తుంది. పవర్‌ను మాత్రం నేరుగా పెంచేది కాదు.

బరువు తగ్గితే వేగం పెరుగుతుంది

లాగుడు బరువును బట్టి ఉంటుంది కాబట్టి రాడ్‌ను తేలిక చేయడమే వేగానికి దగ్గరి దారి. 1990లో వచ్చిన హోండా ఎన్ఎస్ఎక్స్‌లో టైటానియం రాడ్లు వాడారు. ఉక్కు కంటే 40 శాతం పైగా తేలికైన ఈ లోహం ఆ వీ6 ఇంజిన్‌ను 8,000 చుట్ల వరకు తిప్పడానికి తోడ్పడింది. కానీ దాని ధర ఎక్కువ. అందుకే సాధారణ కార్లలో ఫోర్జింగ్ చేసిన ఉక్కు రాడ్లు, లోహపు పొడిని అచ్చుపోసి గట్టిపరిచిన రాడ్లు వాడతారు.

అల్యూమినియం ఇంకా తేలిక. మన రోడ్ల మీద తిరిగిన పాత కాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్‌లో ఉన్నది అల్యూమినియం మిశ్రమలోహపు రాడ్డే. అయితే ఈ లోహం ఉక్కులా కాదు. భారం కొద్దిపాటిదైనా కోట్ల సార్లు పడితే అలసిపోతుంది. నెమ్మదిగా తిరిగే బుల్లెట్‌కు అది సరిపోయింది.

ఆకారంలోనూ పొదుపు ఉంది. రాడ్‌ను అడ్డంగా కోస్తే ఇంగ్లిష్ అక్షరం ‘ఐ’లా కనిపిస్తుంది. వంపును అడ్డుకోవడానికి లోహం ఎక్కడ అవసరమో అక్కడ ఉంచి, మిగతా చోట తొలగించడమే దీని సూత్రం.

పగలగొట్టి చేసే క్యాప్

1990ల నుంచి కొత్త పద్ధతి ఒకటి వ్యాపించింది. పెద్ద చివరను ఒకే ముక్కగా తయారుచేసి, లోపల సన్నటి గాడి పెట్టి, ఒక్క దెబ్బతో పగలగొడతారు. పగిలిన అంచులు కుండ పెంకుల్లా ఒకదానిలో ఒకటి కచ్చితంగా అమరుతాయి. అందుకే ఏ రాడ్ క్యాప్‌ను ఆ రాడ్‌కే బిగించాలి. ఇంజిన్ విప్పినప్పుడు క్యాప్‌లు తారుమారైతే బేరింగ్ కుదరదు. సాగే దాకా బిగించే రకం బోల్టులను రెండోసారి వాడకూడదు. కొత్త బోల్టుల ఖర్చు మిగుల్చుకోబోతే ఇంజినే పోవచ్చు.

నీరు, రీమ్యాప్: వంచేవి ఇవే

అతివేగం రాడ్‌ను విరిస్తే, అతి పీడనం దాన్ని వంచుతుంది. 300 సీసీల సిలిండర్, 11 కంప్రెషన్ నిష్పత్తి ఉన్న ఇంజిన్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ 30 మిల్లీలీటర్లే. డీజిల్ ఇంజిన్‌లో ఇంకా తక్కువ. అంతకు మించి నీరు చేరితే పిస్టన్‌కు దారి ఉండదు. గాలిలా నీరు కుదించుకుపోదు కాబట్టి తిరుగుతున్న ఇంజిన్ ఊపంతా రాడ్ మీద పడుతుంది. అందుకే నడుస్తున్న ఇంజిన్ నీరు పీల్చుకోవడం మరింత ప్రమాదం. టర్బో కార్లను రీమ్యాప్ చేసి తక్కువ వేగంలోనే టార్క్ విపరీతంగా పెంచినప్పుడు కూడా రాడ్లకు ఇదే ముప్పు.

రాడ్ కొద్దిగా వంగితే బండి స్టార్ట్ కావచ్చు కూడా. పిస్టన్ పూర్తిగా పైకి రాక కంప్రెషన్ తగ్గుతుంది, బేరింగ్ ఒకవైపు అరుగుతుంది. నెలల తర్వాత రాడ్ విరిగేసరికి దానికి వరదతో సంబంధం ఉందని ఎవరికీ తోచదు. అందుకే మునిగిన బండికి ముందు బ్యాటరీ తీయించాలి. స్పార్క్ ప్లగ్‌లు లేదా ఇంజెక్టర్లు విప్పించి నీరు బయటికి పంపాలి. ఆయిల్ మార్పించాలి, కంప్రెషన్ పరీక్షించాలి. మునిగిన బండిని స్టార్ట్ చేయడం వల్ల కలిగిన నష్టానికి సాధారణ బీమా పాలసీ తరచూ వర్తించదు. దానికి ఇంజిన్ రక్షణ కవర్ విడిగా తీసుకోవాలి. వానాకాలానికి ముందే పాలసీ కాగితం ఒకసారి చూసుకోవడం మేలు.